ఫిర్యాదుల అధికారిగారి ఎడమ చెవి

ఫిర్యాదుల విభాగం అధికారిగారి ఎడమ చెవి పనిచేయడం మానేసి ఏడాదిన్నర అయిందని వైద్యులు తరవాత తేల్చారు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. ఫిర్యాదుల అధికారికి వినిపించకపోవడం రోగలక్షణమని ఎవరికి తోస్తుంది? ఆ ఏడు ఆయనకు ఉత్తమ సేవా పతకం కూడా ఇచ్చారు. పిలిస్తే పలకని మొగుడిలో భార్యకూ వింతేమీ కనబడలేదు.

చెవిలో అస్తమానం ఈల మోగినా ఆయన సర్దుకుపోయారు. ఒకరోజు సమీక్షా సమావేశంలో నేల గిర్రున తిరిగి, పైఅధికారి కాళ్ళ ముందు బోర్లా పడ్డారు.

"వినయం ఉండాలిగానీ, మరీ ఇంతొద్దయ్యా," అన్నారు పైఅధికారి మురిసిపోతూ.

మొదటి డాక్టరు గులిమన్నాడు. రెండోవాడు వయసన్నాడు. మూడో ఆయన తలెత్తకుండానే, "టెన్షన్ తగ్గించుకోండి," అన్నాడు.

భార్య బల్ల గుద్దింది. "నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతుంటే టెన్షనేంటండీ? స్కానింగ్ రాయండి!"

లోపలి చెవిలో మిరియపు గింజంత గడ్డ బయటపడింది. క్యాన్సర్ కాదు, కానీ బహు అరుదట. పెద్దాసుపత్రి పొంగిపోయింది. విద్యార్థులు బారులు తీరి ఆ చెవిని దర్శించుకున్నారు. "మీరు మా విభాగానికి దొరికిన అదృష్టం," అని ప్రొఫెసరుగారు ఉపన్యసించారు. చెవి తాలూకు మనిషికి భయంగా ఉందా అని అడగడం పాఠ్యాంశంలో లేదు.

"తీసేస్తే ఆ చెవి ఇక ఎప్పటికీ వినిపించదు. ఉంచితే గడ్డ పెరుగుతుంది," అంది సర్జనమ్మ.

ఆయన తన భార్య చెయ్యి పట్టుకున్నారు. "తీయించేద్దాం. రెండో చెవి ఉందిగా, నేను ఆ వైపే ఉంటాను," అంది ఆవిడ.

ఆపరేషనయ్యాక నెలరోజులు ఆవిడ భుజం పట్టుకుని నడక మళ్ళీ నేర్చుకున్నారు. ఆఫీసులో మాట అందాలంటే ఎదుటివాళ్ళ వైపు పూర్తిగా తిరిగి పెదాలు చూడాల్సి వచ్చింది. చూస్తే పైన కళ్ళు కూడా కనబడ్డాయి. కుళాయికి నీళ్ళు రావడం లేదని మూడేళ్ళుగా తిరుగుతున్న ముసలావిడ చెప్పిందంతా చివరిదాకా విన్నారు. మర్నాడే కుళాయి బాగుచేయమని ఉత్తర్వు రాశారు.

ఈ దారుణం ఊరంతా పాకింది. వరండా కిక్కిరిసింది. "విధి నిర్వహణలో మితిమీరిన శ్రవణం" అన్న అభియోగంపై ఆయన్ని పాత రికార్డుల గదికి బదిలీ చేశారు. ఆయన రాసిన ఉత్తర్వూ ఆయనతోపాటే ఆ గదికి చేరింది.

కొత్త అధికారి రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చుకున్నారు. నెల తిరక్కుండా వరండా ఖాళీ అయింది. ముసలావిడ మాత్రం ఇంకా వస్తోంది. గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా చెబుతూనే ఉంటుంది. మనం పక్కనుంచే వెళుతుంటాం. మన చెవులకేం, భేషుగ్గా ఉన్నాయి. ఏ డాక్టరుకూ చూపించుకోనక్కర్లేదు.