రాయించిన ఎనిమిదేళ్లు

తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు ఆ దేశంలో వయసు పెరగదు. పెరగాల్సిన ఏళ్లను వీసా ఆఫీసు ఎవరి ఫైల్లో వాళ్లకు దాచి ఉంచుతుంది. శాశ్వత నివాసం మంజూరైన రోజున అన్నీ ఒకేసారి ఇచ్చి సంతకం తీసుకుంటుంది.

రాజోలు దగ్గర నుంచి వెళ్లిన సువార్త పదిహేనేళ్లుగా అక్కడ ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతోంది. వెళ్లినప్పుడు ఇరవై రెండు. ఇప్పటికీ ఇరవై రెండే. అమ్మమ్మ దగ్గర వదిలిన రెండేళ్ల కూతురు హెప్సీబా మాత్రం ఇక్కడే ఉంది కాబట్టి పెరిగి పదిహేడుకొచ్చింది. "ఇంకొన్నాళ్లుంటే నీకు నేనే జడ వెయ్యాలే అమ్మా" అని ఫోన్లో నవ్వేది.

శాశ్వత నివాసం వస్తే బిడ్డను పిలిపించుకోవచ్చు. బిడ్డకు పద్దెనిమిది నిండకూడదు, తల్లికి నలభై దాటకూడదు. సువార్త వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముప్పై ఏడు. సరిపోయింది.

మంజూరైన రోజు కౌంటరులో పలాస కుర్రాడు కాగితం ముందుకు జరిపాడు. అతనిదీ తాత్కాలికమే. ముప్పై ఏళ్లుగా ఇరవై ఆరు.

"సంతకం చెయ్యక్కా. ఇరవై మూడేళ్లొస్తాయి."

"పదిహేను కదా బాబూ?"

"వచ్చేనాటికే ముప్పై అని పాస్‌పోర్టులో ఉంది. ఒంటికి చూస్తే ఇరవై రెండే. ఆ ఎనిమిదీ కూడా నీవే."

"ముప్పై లేకపోతే పై దేశం పనికి పంపరని ఏజెంటు బుజ్జిబాబు రాయించాడయ్యా. మా ఊళ్లో ఆడోళ్లందరికీ అలాగే రాయించాడు."

"తెలుసు. మీ ఊరి ఏళ్లకి లోపల వేరే బీరువానే ఉంది."

"నేను బతకని ఏళ్లు బాబూ అవి."

"బతికిన పదిహేనేళ్లకి మాత్రం ఏం రుజువుందక్కా?" అన్నాడతను మామూలుగానే.

సంతకం చేస్తే నలభై ఐదొచ్చి తల్లి వయసు దాటుతుంది. చెయ్యకపోతే దరఖాస్తు మళ్లీ మొదటికొచ్చి మూడేళ్లు పడుతుంది. ఈలోగా కూతురి వయసు దాటుతుంది. వెనక వరసలో వాళ్లు దగ్గుతున్నారు. సువార్త సంతకం చేసింది.

ముందు జుట్టుకు, తర్వాత మోకాళ్లకు, చివర పళ్లకు ఇచ్చారు. పదిహేనేళ్లూ ఆమెకు గుర్తున్నాయి. చాలావరకు దుప్పట్లే. మిగిలిన ఎనిమిదింటిలో ఎంత వెతికినా ఏమీ లేదు. కూతురి దరఖాస్తు మీద కుదరదని ముద్ర వేసి ఆ కిటికీలోంచే తిరిగిచ్చారు.

ఆదివారం ఫోన్ ఎత్తి హెప్సీబా "ఎవరండీ?" అంది. మారిన గొంతును పోల్చుకున్నాక జరిగిందంతా అడిగి తెలుసుకుంది.

"పోన్లే అమ్మా. నేనే వచ్చేస్తున్నా. బుజ్జిబాబుగారు నాకూ ముప్పై రాయించారు. పదమూడేళ్లు ఎక్కువ. ఒంటికేం అంటవుగా?"

"అంటవు" అంది సువార్త. "శాశ్వతమయ్యేదాకా అంటవు."

తాత్కాలికం వాళ్ల హాస్టల్లో శాశ్వతం వాళ్లు ఉండకూడదు. పక్కనే ఆమె పెట్టె సర్ది ఉంది.

"నా మంచం ఖాళీ అవుతోందే. కిటికీ పక్కది, గాలొస్తుంది. నీకే ఇమ్మని చెప్పి వెళ్తాను."