దర్జీ మెడలో టేపు

ఆ రోజుల్లో మా వీధిలో ఎవరి ఎత్తు ఎంతో తేల్చవలసి వస్తే అందరూ దర్జీ దగ్గరికే వెళ్ళేవారు. తండ్రి వాడిన గుడ్డ టేపు ఆయన మెడలో ఎప్పుడూ వేలాడుతుండేది. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని కుట్టుమిషను మీద పెట్టేవాడు. ఆ టేపు చెప్పిందంటే ఇక తిరుగులేదు.

అదే టేపు ఆయన కొడుకు ఎత్తు నూట అరవై నాలుగు సెంటీమీటర్లని చెప్పింది. సైన్యానికి నూట అరవై అయిదు కావాలి. వీధంతా చిన్నదర్జీ అని పిలిచే అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ సైన్యమే కల. వయసు చూస్తే ఇదే ఆఖరి అవకాశం. నెల రోజులు గుమ్మం పట్టుకుని వేలాడాడు. గుమ్మం కాస్త కిందికి దిగింది కానీ అతను పైకి సాగలేదు. తల్లి మాత్రం నూట అరవై అయిదు ఎత్తుకు ఎంత బరువుండాలో సైన్యం వాళ్ళ కాగితంలో చూసి, కట్టెల దుకాణం కాటా మీద నిలబెట్టి మరీ అతణ్ణి సరిగ్గా ఆ బరువుకు తెచ్చింది.

ఎంపిక రోజు పొద్దున్నే మేనమామ వచ్చాడు. తోపుడుబండి మీద సామాన్లు చేరవెయ్యడం ఆయన పని, సలహాలివ్వడం ఆయన సరదా. మనిషి నిద్ర లేచినప్పుడు పొడుగ్గా ఉంటాడనీ, నిలబడే కొద్దీ కుంగుతాడనీ ఎక్కడో విన్నాడట.

"వాణ్ణి లేపకు బావా. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే తీసుకెళ్ళి కొలబద్ద కింద నిలబెడదాం," అన్నాడు.

బండి మీద పరుపు వేసి పడుకోబెట్టారు. ఎండ తగులుతుందని తల్లి తెల్లదుప్పటి మొహం మీదికి లాగింది. ముందు దర్జీ, వెనక మామ, గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటున్న తల్లి. వీధికి ఇంకేం చెప్పాలి? పాలాయన సైకిలు దిగి తల వంచుకున్నాడు. ఎలా జరిగిందని పక్కింటి పిన్ని అడిగితే, మనసంతా కొలత మీదే ఉన్న దర్జీ, "ఒక్క సెంటీమీటరే కదమ్మా తక్కువ," అన్నాడు. పిన్ని గొల్లుమంది. బెంగతో పోయాడన్న మాట మలుపు తిరిగేసరికి నిజమైపోయింది. వెనక ముప్ఫై మంది చేరారు. చిన్నదర్జీకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. లేస్తే కుంగిపోతానేమోనని భయం. పైగా తన గురించి అన్ని మంచి మాటలు అతను మునుపెన్నడూ వినలేదు.

శవాలకు లోపలికి అనుమతి లేదని ఎంపిక జరిగే మైదానం గేటు దగ్గర కాపలా మనిషి బండి ఆపేశాడు.

"నేను ఎంపికకి వచ్చానండీ," అంది దుప్పటి.

సగం మంది పారిపోయారు. మిగతా సగం తిట్టడానికి నిలబడ్డారు.

కొలబద్ద కింద గుమాస్తా నూట అరవై ఏడని చదివాడు. మామ మీసం దువ్వేలోపే గుమాస్తా పట్టికలో వేలు కిందికి జరిపాడు. ఆ ఎత్తుకు బరువు రెండు కిలోలు తక్కువట. మధ్యాహ్నం పన్నెండు దాకా గడువిచ్చాడు. ఏడవడానికి వచ్చినవాళ్ళే అరటిపళ్ళ గెల మోసుకొచ్చారు. పిన్ని తిడుతూనే ఒక్కొక్కటీ ఒలిచి నోట్లో పెట్టింది. మామ బిందెతో నీళ్ళు తెచ్చాడు. పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా కాటా ముల్లు గీతను తాకింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే దర్జీ ఒక్కడే గోడ దగ్గరికి వెళ్ళి తన టేపును కొలబద్దకు ఆనించి చూశాడు. మూడు సెంటీమీటర్ల తేడా. రెండు తరాల చేతుల్లో లాగి లాగి టేపు సాగిపోయింది. దాంతోనే కొలిచి దాంతోనే కత్తిరించాడు కనుక ఇన్నాళ్ళూ ఎవరి చొక్కాకీ తేడా రాలేదు.

ఆయన మొహం పాలిపోయింది. ఇరవయ్యో ఏట తనూ ఇదే టేపు గోడకు ఆనించి చూసుకున్నాడు. నూట అరవై నాలుగు కనిపించగానే సైన్యం దరఖాస్తు చించేసి మిషను ముందు కూర్చున్నాడు. ఆ సంగతి భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పులు విడిచి బద్ద కింద నిలబడ్డాడు.

"నువ్వెందుకు నాన్నా?" అన్నాడు కొడుకు.

"ఊరికేరా. ఒకసారి చూడమను."

గుమాస్తా బద్ద దించాడు. నూట అరవై ఆరు. కొడుకుకి అంతా అర్థమైంది. తండ్రి చెయ్యి పట్టుకుని వదలలేదు.

"ఎత్తు సరిపోయింది. వయసెంత?" అన్నాడు గుమాస్తా, అలవాటు కొద్దీ కలం తీసి.

యాభై మూడని చెప్పి, దర్జీ టేపును మళ్ళీ మెడలో వేసుకున్నాడు. సాయంత్రానికి ఇవ్వవలసిన చొక్కాలు రెండున్నాయి.