మరకలు తుడిచే యాప్‌కు మంగళాశాసనం

పత్రాలను స్కాన్ చేసే యాప్ వాడటం కష్టంగా ఉందని ఇకపై ఎవరైనా సణిగితే, వారిని కృతఘ్నుల జాబితాలో చేర్చవలసిందిగా నా మనవి. అడిగిన తరువాత చేసేది ఉపకారం. అడగకముందే చేసేది అనుగ్రహం. కొత్త వర్షన్ చేస్తున్నది ఆ రెండవది!

పాత వర్షన్‌తో పడిన పాట్లు మరిచారా? దగ్గరకు రమ్మనేది. వస్తే దూరం జరగమనేది. వెలుతురు చాలదనేది, దీపం వేస్తే తళుకు ఎక్కువైందనేది. ఊపిరి బిగబట్టి నిలబడితే చెయ్యి వణికిందనేది. ఏ గురువునూ ఆశ్రయించని వారు సైతం దాని దయవల్ల కుంభకం నేర్చారు. అంతటి తపస్సుకు కరిగి తయారీదారులు వరమిచ్చారు: ఇక ఒక్కసారి తాకితే చాలు. వంకరలను అదే సరిచేస్తుంది, మడతలను అదే చదును చేస్తుంది, మరకలను అదే తుడుస్తుంది. కాగితం పట్టుకున్న వేలు అంచున కనబడితే, ఆ వేలిని కూడా మాయం చేస్తుంది.

నమ్మనివారికి మా అక్కయ్య ఉదంతం చెబుతాను.

అక్కయ్య జీవితమంతా బట్టలు కుట్టింది. నేను ఛందస్సు వల్లెవేయగలిగానంటే ఆమె మిషను తొక్కడం వల్లనే. ఆమెకు అక్షరాలు నేర్పాలన్న ఆలోచన మాత్రం ఇంట్లో ఎవరికీ, నాతో సహా, రాలేదు. ఏడాదిగా రెండు కళ్లకూ శుక్లాలు. ఆసుపత్రివారు శుక్రవారం ఆపరేషన్ ఖాయం చేశారు. అంగీకారపత్రం మీద వేలిముద్ర వేయించి, గురువారం సాయంత్రం అయిదులోగా ఆ యాప్‌తో స్కాన్ చేసి పంపమన్నారు.

మేనకోడలు తల్లిచేత ముద్ర వేయించింది, యాప్‌ను తాకింది, పంపింది. పది నిమిషాల్లో ఆసుపత్రి గుమస్తా ఫోను.

"వేలిముద్ర లేదండీ."

"నేనే దగ్గరుండి వేయించానండీ."

"మాకైతే అక్కడ తెల్లగా ఉందండీ."

ఫోనులో చూశాము. కాగితం మల్లెపువ్వులా ఉంది. ముద్ర ఉండవలసిన చోట శూన్యం. మరక అనుకుని తుడిచేసింది! నైర్మల్యమంటే అదీ.

రెండోసారి సిరా దట్టంగా పూశారు. మరక పెద్దది గనుక యాప్ మరింత శ్రద్ధగా తుడిచింది. శుభ్రం చేయవద్దని చెప్పే మీట కోసం మేనకోడలు అంతటా వెతికింది. లేదు. మీటలు ఎక్కువైతే జనం తికమకపడతారని తీసేశారట. ఎంత దయ!

మేనకోడలు మళ్లీ ఫోను చేసింది. "కాగితమే తెచ్చిస్తానండీ, అరగంటలో."

"కాగితాలు తీసుకోవడం మానేశామండీ. మీ సౌకర్యం కోసమే."

"పోనీ, మామూలు ఫొటో పంపనా?"

"ఆ యాప్‌లోంచి వస్తేనే సిస్టమ్ తీసుకుంటుందండీ. సంతకం పెట్టించేయండి, గొడవుండదు."

అక్కయ్య అంతా వింటూనే ఉంది.

"ఏమే, ఇన్నేళ్లు ఈ వేలితోనే గుడ్డ అదిమిపట్టి కుట్టానా? ఇప్పుడిది మురికైపోయిందా?"

"ఆ మాట దాన్నే అడగమ్మా."

"ఒరేయ్ తమ్ముడూ, అంత చదివావు కదా, నువ్వు చెప్పు. ఇంతకీ నేను ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?"

నేను అంగీకారపత్రం తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అయిదు దాటింది. శుక్రవారం ఆపరేషన్ మరొకరికి వెళ్లింది. అక్కయ్యకు మూడు నెలల తరువాతి తేదీ ఇచ్చారు.

అప్పుడు యాప్ సవినయంగా ప్రశ్నించింది: కొత్త వర్షన్ మీకు సులభంగా ఉందా? కింద వరుసగా అయిదు నక్షత్రాలు.

"ఏమంటోందే?"

"ఎలా ఉన్నానో చెప్పమంటోందమ్మా."

"ఇటు తే, చెబుతాను."

సిరా ఆరని బొటనవేలిని అక్కయ్య కసిదీరా తెర మీద అదిమింది. మసక చూపు కదా, నక్షత్రాలు ఆమెకు ఎక్కడ కనిపిస్తాయి? వేలు వెళ్లి అయిదవదాని మీద పడింది. యాప్ తక్షణమే కృతజ్ఞతలు తెలిపింది.

వాడుక సులభమైందనడానికి మరో సాక్ష్యం కావాలా? ఆమె వేలిముద్ర మొదటిసారే చెల్లింది!