పదమూడు చేతులు, ఒక కేకు

కాటో పెరివోలి పేటలో వామపక్షం గురువారం సాయంత్రం ఐదు గంటలకు ఏకమవుతుందనీ, ఇక ఈ యుగంలో విడిపోదనీ ఐదు పార్టీలు ఐదు వేర్వేరు కరపత్రాల్లో ప్రకటించాయి. తారీఖు ఒకటే, వేదిక ఒకటే, ఆవేశం ఒకటే. తేడా అల్లా ఎవరి కరపత్రంలో వాళ్ళ పార్టీ పేరు పైన ఉండటమే. పైరియస్ రేవు దాకా జనం ఈ సఖ్యతకు ముచ్చటపడ్డారు.

ఈ మహత్కార్యానికి సమన్వయకర్త అనెస్తిస్. డెబ్బై ఒక్కేళ్ళు. ఓడల కార్ఖానాలో నలభై ఏళ్ళు వెల్డింగు చేసి రిటైరయ్యాడు. ఐదు పార్టీల నాయకులూ నోరు విప్పి మాట్లాడే మనిషి పేటలో ఇతనొక్కడే. ఎందుకంటే ఐదు పార్టీలూ ఇతన్ని బహిష్కరించాయి. ఒకటి ప్రశ్న అడిగినందుకు, ఒకటి అడగనందుకు, ఒకటి ఆ రెండింట్లో స్నేహితులున్నందుకు. చివరి రెండింటి కారణాలు రాసిన కాగితాలు పోయాయి. ఇంతకన్నా నిష్పక్షపాతి గ్రీసు దేశమంతా గాలించినా దొరకడు.

అనెస్తిస్‌కి ఐక్యత గురించి సిద్ధాంతం ఏమీ లేదు. అతనికి కావలసింది గురువారం ఏడు గంటలకు మునిసిపల్ కౌన్సిల్లో పదమూడు చేతులు పైకి లేవడం. అతని భార్య ఎవాంథియాకు షుగరు. కాలి మీద పుండు పడి ఆరునెలలైంది. సోమ, బుధ, శుక్రవారాలు పేట క్లినిక్‌లో నర్సు కట్టు మారుస్తుంది. ఇంటి నుంచి చేతికర్రతో పావుగంట నడక. ఆ క్లినిక్‌ని మూసేసి, ఓడల్లో దిగే టూరిస్టుల కోసం ఆలివ్ నూనె అనుభవ కేంద్రం పెడతానంటున్నారు మేయరు గారు. అదే జరిగితే ఎవాంథియా కట్టు కోసం పెద్దాసుపత్రికి పోవాలి. రెండు బస్సులు, మధ్యలో ఒక గుట్ట.

కౌన్సిల్లో ఇరవై ఏడుగురు. మేయరు వైపు పద్నాలుగు, వామపక్షం వైపు పదమూడు. కానీ మేయరు మనుషుల్లోనే లికుర్గోస్ గారనే ఆయన ఈ ఒక్క విషయంలో క్లినిక్ పక్షాన చెయ్యెత్తుతానని మాటిచ్చాడు. ఆయనది శవపేటికల కొట్టు. క్లినిక్ మూతపడితే వ్యాపారానికి ఢోకా ఉండదు. అయినా, "మా అమ్మ బీపీ అక్కడే చూపించుకుంటుందయ్యా, ముసలామెను ఎక్కడికి తిప్పమంటావు?" అన్నాడు. వామపక్షం ఈ మాటను అనుమానించవలసినంతా అనుమానించింది. మొత్తానికి పదమూడూ ఒకటీ పద్నాలుగు. క్లినిక్ నిలబడుతుంది.

ఆ పదమూడు ఎలా వచ్చాయంటే, ఐక్య వామపక్షానికి ఐదుగురు. ఐక్యత సరిపోవడం లేదని దాన్నుంచి వేరుకుంపటి పెట్టుకున్న నిజమైన ఐక్య వామపక్షానికి నలుగురు. ఈ రెండింటినీ కలపడానికి పుట్టి మూడోదిగా మిగిలిపోయిన వారధి పార్టీకి ఇద్దరు. ఎర్ర-పచ్చ కూటమికి ఒకరు. ఐదో ధోరణికి ఒకరు. ఐదో ధోరణి ఒకే మనిషి గనక అందులో క్రమశిక్షణ ఎక్కువ. అయినా రెండుసార్లు చీలింది.

కొత్త సంవత్సరం నుంచి ఈస్టరు ముందొచ్చే పెద్ద ఉపవాసాల దాకా గ్రీసులో ప్రతి సంఘమూ, ప్రతి ఆఫీసూ, ఆఖరికి ట్రాఫిక్ పోలీసులు కూడా వాసిలోపిటా కేకు కోయాల్సిందే. కేకులో ఒక నాణెం దాస్తారు. ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్ళది. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఆ నాణేన్ని నమ్ముతారు. ఏటా ఐదు కేకులు కోసుకునే ఐదు పార్టీలు ఈసారి ఒక్క కేకు కోసి, నోళ్ళు తీపి చేసుకుని, చౌరస్తా దాటి ఎదుటి టౌన్‌హాల్లోకి నడిచి చేతులెత్తాలి. పదకొండు సమావేశాల్లో తేలిన ఒడంబడిక అది.

పన్నెండో సమావేశం నాణెం గురించి.

"నాణెమంటే పెట్టుబడి. మన కేకులో దానికేం పని?" అంది నిజమైన ఐక్య వామపక్షం నాయకురాలు క్లెయోనికి. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు.

"అయితే మీకొస్తే మాకిచ్చెయ్యండి," అన్నాడు ఐక్య వామపక్షం నాయకుడు జానెతోస్.

"అదెలా కుదురుతుంది? వచ్చింది వచ్చినట్టే."

"అదృష్టం శాస్త్రీయమైన భావన కాదు," అన్నాడు సరాందిస్. ఐదో ధోరణికి అధ్యక్షుడూ, కార్యదర్శీ, కార్యకర్తా ఆయనే. "అయితే దానంతటది వస్తే మా ధోరణి కాదనదు."

నాణెం ఎవరికొస్తే వచ్చే ఎన్నికల జాబితాలో వాళ్ళ పేరు ముందుంటుందని ఎవరూ అనలేదు. అందరూ రాసుకున్నారు. అది అనెస్తిస్ చూశాడు. మర్నాడు పొద్దున్నే రొట్టెల కొట్టు పొలిక్సేని దగ్గరికి పోయాడు.

"కేకులో నాణెం పెట్టకు తల్లీ."

"నీకేమైనా మతి పోయిందా?"

"ఎవరికి దక్కినా మిగతా నలుగురూ అలిగి లేచిపోతారు. ఎవరికీ దక్కకపోతే మూతి తుడుచుకొచ్చి చెయ్యెత్తుతారు."

"మా అత్త కాలం నుంచి ఈ పొయ్యిలోంచి నాణెం లేని వాసిలోపిటా బయటికి రాలేదు. యుద్ధంలో పిండి లేకపోయినా నాణెం ఉండేది."

"ఎవాంథియా కాలు కోసం అడుగుతున్నానే."

పొలిక్సేని చేతులకున్న పిండి దులుపుకుంది. "సరేలే, పో. నా పని నన్ను చేసుకోనీ," అంది. అనెస్తిస్ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

గురువారం ఐదింటికి చౌరస్తాకు ఇవతలున్న సభా హాలు నిండింది. పదమూడు మంది కౌన్సిలర్లూ ఒకే గదిలో, ఒకే వైపు తిరిగి కూర్చోవడం చూసి పాతవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ముందుగా యూరప్ సోదర పార్టీల నుంచి శుభాకాంక్షల ఉత్తరాలు. రెండొచ్చాయి. రెండూ బ్రస్సెల్స్ నుంచే, ఒకే భవనం నుంచే, వేర్వేరు అంతస్తుల నుంచి. ఏది ముందు చదవాలన్న దాని మీద ఇరవై నిమిషాలు చర్చించి, రెండింటినీ ఇద్దరు ఒకేసారి చదివేలా తీర్మానించారు. ఒక ఉత్తరంలో కాటో పెరివోలి పోర్చుగల్లో ఉంది. దాన్ని అంతర్జాతీయతగా స్వీకరించారు.

తరువాత కత్తి అనెస్తిస్ చేతికిచ్చారు. ఇళ్ళలో మొదటి ముక్క దేవుడికి తీస్తారు. ఇక్కడ అది కుదరదు గనక మొదటి ముక్క ప్రజలకు తీయాలని క్లెయోనికి ప్రతిపాదించింది. అప్పటిదాకా అడ్డు లేకుండా నెగ్గిన ప్రతిపాదన అదొక్కటే. అనెస్తిస్ ప్రజల ముక్క కోసి, కాగితం రుమాలులో చుట్టి, కిటికీ గట్టు మీద పెట్టాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ తరువాత ఎవరో దాని మీద కరపత్రాల కట్ట దించారు.

మిగతా ముక్కలు పార్టీల బలాన్ని బట్టి పంచేసరికి ఆరూ ఇరవై. మొదట ఎవరూ తినలేదు. పదమూడు మందీ ముక్కల్ని వేళ్ళతో చిదుముతున్నారు. జానెతోస్ తన ముక్కను పిండి చేసి, ఆ పిండిని జల్లించినంత పని చేశాడు.

"నా దాంట్లో లేదు."

"మా దాంట్లోనూ లేదు," అంది క్లెయోనికి. "మరి ఎవరి దాంట్లో ఉన్నట్టు? ఎవరో నొక్కేశారు."

"నా వైపెందుకు చూస్తావమ్మా?" అన్నాడు సరాందిస్, నోరు నిండా కేకుతో.

"నువ్వొక్కడివే నములుతున్నావు. మింగేశావేమో?"

"మా ధోరణి ఏదైనా చేస్తే బహిరంగంగా చేస్తుంది!"

"నాణెం తేలేదాకా ఎవరూ కదలొద్దు," అని జానెతోస్ గర్జించాడు. "ముందు లేచినవాడే దొంగ."

ఈ సూత్రానికి తిరుగులేదు. పదమూడు మందీ కుర్చీలకు అతుక్కుపోయారు. అనెస్తిస్ పరుగున పోయి రెండు తలుపులూ బార్లా తెరిచాడు. ఎదురుగా టౌన్‌హాల్లో దీపాలు వెలుగుతున్నాయి. చౌరస్తా మొత్తం నలభై అడుగులు. ఎవరూ లేవలేదు.

ఆరూ నలభైకి లికుర్గోస్ గారు గుమ్మంలోకొచ్చి తొంగిచూశాడు. "ఏమయ్యా, అక్కడ అందరూ కూర్చున్నారు. రండి, రండి."

"ఇది మితవాదుల కవ్వింపు," అంది క్లెయోనికి. "మనల్ని లేపడానికి పంపారు."

"నన్నెవరు పంపుతారు తల్లీ, నా అంతట నేనే వచ్చాను," అని ఆయన టోపీ సర్దుకుంటూ పోయాడు.

ఆరూ యాభై. అనెస్తిస్ గడియారం చూశాడు. పరువు పోతే పోయింది, కాలు మిగిలితే చాలనుకున్నాడు. బల్ల మీద గుద్దాడు.

"నాణెం లేదు! నేనే పెట్టొద్దన్నాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, లేవండి. ముందు చేతులెత్తి రండి, తరువాత నన్ను ఉరి తీయండి."

వారధి పార్టీ వాళ్ళు అడిగారు, "ఎవరి ఆదేశం మీద?"

"నా పెళ్ళాం కాలి ఆదేశం మీద!"

"అంటే సమష్టి నిర్ణయాన్ని వ్యక్తిగత కారణంతో భగ్నం చేశావు," అన్నాడు జానెతోస్, బాధగా. "ఇతన్ని బహిష్కరించడం తప్ప దారి లేదు కామ్రేడ్స్."

ఐదు పార్టీలూ ఒప్పుకున్నాయి. అప్పుడు లెక్కల టీచరు గారికి చిక్కు కనిపించింది. "ఇతను ఏ పార్టీలోనూ లేడు. లేనివాణ్ణి ఎలా బహిష్కరిస్తాం?"

చర్చ లోతుగా సాగింది. నిబంధనల పుస్తకాలు ఐదు తెరిచారు. చివరికి ఐదో ధోరణి దారి చూపింది. ముందు సభ్యత్వం ఇవ్వాలి, ఆ వెంటనే బహిష్కరించాలి. న్యాయం కోసం ఐదు పార్టీలూ విడివిడిగా ఇవ్వాలి, విడివిడిగా తీసేయాలి. ఎవరి కార్డు వాళ్ళు రాశారు. అనెస్తిస్ చేత ఐదు దరఖాస్తుల మీద సంతకం పెట్టించారు.

"గడియారం చూడండయ్యా!" అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు.

"దరఖాస్తుదారు మధ్యలో మాట్లాడకూడదు," అంది క్లెయోనికి.

సభ్యత్వానికి అనుకూలురు చేతులెత్తండి అన్నారు. పదమూడు చేతులు ఒక్కసారిగా లేచాయి. బహిష్కరణకు అనుకూలురు అన్నారు. మళ్ళీ పదమూడు. ఒక్క వేలు కూడా తగ్గలేదు. అనెస్తిస్ జీవితమంతా చూడాలనుకున్న దృశ్యం అది. కిటికీలోంచి చర్చి గంట ఏడు కొట్టడం వినిపించింది.

ఏడూ పదికి లికుర్గోస్ గారు మళ్ళీ గుమ్మంలోకొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"అయిపోయింది. పదమూడు, ఒకటి," అన్నాడు. "ఆ ఒకటి నాదే. చెయ్యెత్తి అటూ ఇటూ చూశాను, సిగ్గేసింది." అనెస్తిస్ భుజం తట్టి, "ఎవాంథియమ్మకి చెప్పు, నేను ఎత్తానని," అని వెళ్ళిపోయాడు.

ఆ ఒంటరి చెయ్యి ప్రజల్ని మభ్యపెట్టే కుట్ర అని తీర్మానం చేసి, సభ ముగించారు. వెళుతూ ఒకరికొకరు ఏడాది శుభాకాంక్షలు చెప్పుకున్నారు. తాళాలు సమన్వయకర్త దగ్గరే ఉంటాయి గనక ఊడ్చే పని అనెస్తిస్‌కి పడింది. చిదిమిన కేకు బల్ల కింద చెప్పుల కింద నలిగిపోయింది. కరపత్రాలు ఎత్తేటప్పుడు వాటి కింద రుమాలు చుట్టిన ముక్క కనిపించింది. కొంచెం అణిగింది, అంతే. వాసిలోపిటా చెత్తలో వేయకూడదు. జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేసరికి ఎవాంథియా కునుకు తీస్తోంది. లేపడానికి అతనికి ధైర్యం చాలలేదు.

శుక్రవారం పొద్దున తలుపు కింద నుంచి ఐదు కరపత్రాలు లోపలికొచ్చాయి. కాటో పెరివోలి వామపక్షం చరిత్రలో తొలిసారి పదమూడు మందీ రెండు తీర్మానాల్లో ఏకగ్రీవంగా నిలిచారనీ, కవ్వింపులు ఎదురైనా ఒక్కరు కూడా వేదిక విడిచిపోలేదనీ వాటిలో ఉంది. అదే రోజు నుంచి క్లినిక్ మూసివేతపై పోరాటం మొదలు. సమన్వయకర్త పదవి ఖాళీ.

ఎవాంథియా కాఫీ ముందు కూర్చుంది. కోసి వెడల్పు చేసిన చెప్పు అప్పటికే తొడుక్కుంది.

"కట్టు రోజు కదా, త్వరగా పోదాం. నర్సమ్మ కోసం నిమ్మకాయలు కూడా కట్టాను. ఇంతకీ నిన్న ఏమైందయ్యా? కలిశారా?"

"కలిశారు," అన్నాడు అనెస్తిస్. "ఎవరూ విడిపోలేదు."

"అమ్మయ్య! ఆ జేబులో ఏంటి?"

"వాళ్ళ కేకు. నీకొద్దు, షుగరు."

"ఏడాదికో ముక్క తింటే చస్తానా? ఇటియ్యి." రుమాలు విప్పి, మూల తుంచి నోట్లో వేసుకుంది. రెండోసారి కొరికి ఆగింది. నాలుక మీంచి ఏదో తీసి, ఏప్రాన్ అంచుకు తుడిచి, వెలుగులో పెట్టి చూసింది. బంగారు పూత నాణెం.

"ఓరి నాయనో! నాకే వచ్చిందయ్యా! ఎవరి వంతు ముక్క ఇది?"

"ప్రజలది," అన్నాడు అనెస్తిస్. తరువాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు. పదమూడు, ఒకటి. మార్చి ఒకటి నుంచి పెద్దాసుపత్రి. ఐదున్నరకే బయల్దేరాలి, రెండు బస్సులు.

ఎవాంథియా నాణేన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇదిస్తే బస్సు టికెట్టు ఇస్తారా?"

"ఇవ్వరు. ఇది ఎక్కడా చెల్లదు."

ఆమె నిమ్మకాయల సంచీ తీసుకుని, కర్ర పట్టుకుని లేచింది.