కప్పమ్మ గుహకి మూడు గేట్లు

ఓ పెద్ద అడవిలో, వాగు పక్కన రాతిగుహలో, ఓ ముసలి కప్ప ఉండేది. నీళ్ళెంత పెరిగాయో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాకపోతే "పా... దం... లో... తు" అని ఒక్కో ముక్కే వరసగా వదిలేది. అందుకే ఆ గుహని అందరూ, కంప్యూటర్లో కబురుని ముక్కముక్కగా వరసలో చేరవేసే ద్వారం పేరు పెట్టి, సీరియల్ పోర్టు అనేవారు. కప్ప ఒకటే, గుహ ఒకటే. ఏనుగులొక గేటు, నెమళ్ళొక గేటు, చీమలొక గేటు పెట్టుకున్నాయి. ఎవరి రూలు వారిది. ఎందుకని నన్నడక్కండి, నాకూ తెలీదు.

ఓ ముసురు పొద్దున కుందేలు మంగాయమ్మకి భయం పట్టుకుంది. ఆమె బొరియ వాగు గట్టు కింద. లోపల అయిదుగురు పసివాళ్ళు, ఇంకా కళ్ళైనా తెరవలేదు. వాగు పొంగుతుందేమో కప్పనడిగి, పొంగేట్టయితే పిల్లల్ని గుట్టమీదికి చేర్చాలి.

ముందు ఏనుగుల గేటుకి పరిగెత్తింది.

"తలుపు నంబరెంత?" అన్నాడు గుమాస్తా ఏనుగు.

"నిన్న మూడు కదండీ!"

"నిన్న మూడే. కప్ప కాస్త జరిగి కూర్చుంది, ఇవాళ ఏడు."

ఏడో తలుపుకి లోపల గడియ. లోపల నక్క కోదండం. కప్ప కబురు తనొక్కడికే తెలిస్తే అడవంతా తన చుట్టూ తిరుగుతుందని వాడి ఎత్తు.

"ఒకరు లోపలుండగా రెండోవారికి ప్రవేశం లేదమ్మా," అన్నాడు గుమాస్తా.

"బయటికెప్పుడొస్తాడండీ?"

"అది ఆయనిష్టం."

నెమళ్ళ గేటు తళతళలాడుతోంది. పక్కపక్కనే రెండు తలుపులు. మంగాయమ్మ మొదటిదాని ముందు నిలబడింది.

"కప్ప సిద్ధమని తలూపగానే తెరుచుకుంటుంది, కూర్చోండి," అంది నెమలి.

ఆ కప్ప పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ తలూపిన పాపాన పోలేదు! రెండో తలుపుకి ఆ ఊపుతో పనే లేదు, తోస్తే తెరుచుకుంటుంది. ఆ సంగతి నెమలి చెప్పలేదు, మంగాయమ్మ అడగలేదు. చూసి చూసి లేచి వెళ్ళిపోయింది.

చీమల గేటు బార్లా తెరిచే ఉంది. కప్ప కనిపిస్తోంది కూడా.

"ఆగక్కా! నీ పేరు జాబితాలో లేదు," అంది కాపలా చీమ.

"రాసుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

రాసింది. మంగాయమ్మ అడుగు ముందుకేసింది.

"ఇప్పుడే కాదు. ఇంటికెళ్ళి మళ్ళీ రావాలి. అప్పుడే పేరు చెల్లుతుంది."

"నీ రూలు మండిపోనూ! అక్కడ పిల్లలు మునిగిపోతారేమోనని నేను ఏడుస్తుంటే..."

"రూలు నేను పెట్టలేదక్కా."

తిట్టుకుంటూ ఇంటికెళ్ళింది. గుమ్మంలో నీళ్ళు! ఒక్కొక్కణ్ణీ నోట కరుచుకుని గుట్టమీదికి చేర్చింది. అయిదోవాణ్ణి దింపేసరికి బొరియ మునిగింది. పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, భోరున ఏడ్చి, ఆపైన నవ్వింది.

ఈలోగా గుహలోకీ నీళ్ళొచ్చాయి. కప్పకేం, హాయిగా ఈదుతోంది. నక్కకే గడియ బిగుసుకుపోయింది.

"తలుపు తియ్యండ్రోయ్!"

"లోపలెవరో ఉన్నారండీ. ఖాళీ అయ్యాక రండి," అన్నాడు గుమాస్తా.

"ఆ ఉన్నది నేనేరా!"

"అయితే తమరు బయటికొచ్చి అడగండి."

నక్క పెడబొబ్బలు పడలేక, గుమాస్తా తనకి తెలిసిన ఒకే ఒక్క వైద్యం చేశాడు. గేటు మొత్తం పడగొట్టి మళ్ళీ నిలబెట్టాడు. ఆ సందులోంచి నక్క తడిసిన తోక ఈడ్చుకుంటూ బయటపడ్డాడు.

నీతి: అనుమతి ఆలస్యమైతే ఇంటికి పొండి, మీరడగబోయిన జవాబు మీకంటే ముందే అక్కడికొచ్చి ఉంటుంది.