మైకు పరీక్షపై కమిటీ తీర్మానం

షార్జాలోని ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో, మైకు పరీక్ష ప్రసంగం కిందికి వస్తుందా రాదా అనే గంభీర విషయాన్ని తేల్చడానికి పోయిన మార్చిలో కమిటీ నాలుగుసార్లు సమావేశమైంది.

తప్పు సామ్యేలుది. సజ్జా లేబర్ క్యాంపులో ఉండే ఏసీ మెకానిక్కు అతను. ప్రతి ఆదివారం పాస్టరు అయ్యగారు దుబాయ్‌లో మరో ఆరాధన ముగించుకుని, ట్రాఫిక్ దాటి వచ్చేలోగా మైకు సరిచూడటం అతని పని. "హలో, హలో" అని ఊరుకోక, ఆ వారం తాను చూసిన సంగతొకటి, దానికి తగిన బైబిలు వాక్యమొకటి చెప్పేవాడు. ఐదు నిమిషాలే. జనం ఆ ఐదు నిమిషాల కోసం ముందే వచ్చి కూర్చునేవారు. అయ్యగారి గంటన్నరలో టీకి లేచేవారు. నిర్మల్ నుంచి వచ్చిన అంజి అయితే నుదుట బొట్టుతోనే వచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు.

కార్యదర్శి ప్రభుకిరణ్ గారు సామ్యేలును పిలిపించారు.

"బ్రదర్, బోధించడానికి దైవసేవకులకు అభిషేకం ఉంది. మీకు ఏసీలు బాగుచేసే వరం ఉంది. ఎవరి పిలుపు వారిది."

"నేను బోధించలేదండి. మైకు పలుకుతుందో లేదో చూశానంతే."

"అంకెలతో కూడా చూడొచ్చు కదా."

అలా తీర్మానమైంది: మైకు పరీక్షలో అంకెలు తప్ప మరేమీ పలకరాదు. అంకెల్లో బోధ దాగదని కమిటీ వివేకంతో గ్రహించింది.

తీర్మానం తర్వాత వచ్చిన ఆదివారానికి, అంజి పనిలో పరంజా మీది నుంచి పడి, కాలికి కట్టుతో క్యాంపు మంచానికి అంటుకుని రెండు వారాలు. ఎవరినైనా పంపమని సామ్యేలు అడిగితే, పరామర్శలు సభ్యులకేనని కార్యదర్శి గారు సెలవిచ్చి ఉన్నారు.

సామ్యేలు తీర్మానాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఇరవై దాకా జనం నవ్వారు. యాభై దాటాక నవ్వు ఆగింది. తొంభై తొమ్మిది అని, అంజి ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడిపోయాడు.

తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి, తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి సంగతి అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు.

నర్సు రూబీ లేచింది. "అన్నయ్యా, అంజి ఏడండీ?"

సామ్యేలు మైకు కింద పెట్టాకే చెప్పాడు.

"యల్లా, పదండి," అంది రూబీ. "సజ్జా బస్సు ఎక్కడాగుద్దో చూపించండి."

హాలు ఖాళీ అయింది. అయ్యగారు వచ్చి 'బోధించే అధికారం ఎవరిది' అనే అంశంపై నలుగురు కమిటీ సభ్యులకు గంటన్నర అమోఘంగా బోధించారు. మైకు చక్కగా పలికింది.

ఆ సాయంత్రమే నాలుగో సమావేశం. ఇకమీదట అంకెలు పదికి మించరాదు. అంజి సంఘ సభ్యుడు కాడు గనుక, అతడు తప్పిపోయినట్టు పరిగణించజాలము. ఎవరికీ అభ్యంతరం లేకపోవడంతో, ప్రార్థనతో ముగించారు.