కొమ్ము లేని దండు

ఒక పెద్ద అడవిలో సైన్యం ఉండేది. ఉండేదని ఆ అడవి వాళ్లంటారు, వాళ్ల మాట నమ్మి నేనూ చెబుతున్నాను. ఇరవై ఏళ్లుగా యుద్ధమన్నది లేకపోయేసరికి సైనికులంతా తలో పనిలో కుదురుకున్నారు. తోడేళ్లు రాణిగారి పల్లకీ మోస్తున్నాయి. ఎలుగుబంట్లు మంత్రుల ఇళ్లకు తేనె చేరవేస్తున్నాయి. సరిహద్దు వాగు రేవులో కాపలాకి మాత్రం ఒక్కడంటే ఒక్కడు మిగిలాడు, ముళ్లపంది గవరయ్య.

గవరయ్య భార్య సూరమ్మ, పాలు మానని ఇద్దరు మనవలు రేవు పక్కన బొరియలోనే ఉంటారు. వాగుకు అవతలి అడవి రేచుకుక్కలది. వాగు నిండుగా ఉన్నంతకాలం అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు. ఆ ఏడు ఎండలు ముదిరి నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. ఒకరోజు ఒక రేచుకుక్క నడివాగు దాకా వచ్చి నిలబడి, తీరిగ్గా బొరియ వైపు చూసి, మూతి నాక్కుంటూ వెళ్లింది.

"ఏమయ్యా, నీ ఒక్కడివల్ల అయ్యే పనేనా ఇది? రాజుగారికి రాసుకో. ఈ పసివాళ్ల మొహం చూసైనా రాసుకో" అంది సూరమ్మ.

గవరయ్య తన ముల్లే ఒకటి పీకి టేకాకు మీద రాశాడు. "రేవుకు దండు పంపగలరు." అంతే రాశాడు.

రాజుగారి కచేరీలో ఒక పద్ధతుంది. ఏ అర్జీనైనా మూడుసార్లు శుభ్రప్రతి రాసిగానీ ఆయన ముందు పెట్టరు. గుమాస్తా కొండముచ్చు అక్షరాలు ముత్యాలే, కాదనను. కానీ మూడో ప్రతికి వచ్చేసరికి చెయ్యి నొప్పెట్టి, 'డు'కి కొమ్ము ఇవ్వడం మరిచిపోయాడు. సింహంగారు చదివారు: "రేవుకు దండ పంపగలరు."

"పాపం, ఇన్నేళ్లలో ఆ రేవుకు ఒక్క సన్మానమైనా చేశామా? వెంటనే పంపండి" అన్నారు.

నాలుగో రోజున మోదుగుపూల దండ మేళతాళాలతో రేవుకు వచ్చింది. గవరయ్య నెత్తీ నోరూ కొట్టుకుని కచేరీకి పరిగెత్తాడు.

"అయ్యా, నేనడిగింది దండు. మీ రాతలో కొమ్ము పోయింది."

కొండముచ్చు కాగితం తిరగేశాడు. "పోయిన మాట నిజమే. కానీ రాజుగారి సంతకం పడ్డాక కొమ్ము తగిలించే అధికారం నాకెక్కడిదయ్యా? సేనాపతిగారికి పంపుతాను" అని పైన ఒక చీటీ రాశాడు: "దండుకు కొమ్ము లేదు. తగిలించవలెను."

సేనాపతి అడవిదున్న. ఒక్కో కొమ్ము బారెడుంటుంది. చీటీ చదివి ఎగిరి గంతేశాడు. "ఇన్నాళ్లూ నేను మొత్తుకుంటున్నది ఇదే ప్రభూ! మన సైన్యానికి కొమ్ముల్లేవు. అందుకే ఇరుగుపొరుగుకి మనమంటే లెక్క లేదు."

సింహంగారు తల తడుముకున్నారు. "నాకూ లేవుగా మరి?"

"ఆ మాట అనడానికే ప్రభూ, నేను మొహమాటపడుతున్నది."

ఇక సైన్య పునర్నిర్మాణం జోరుగా సాగింది. అడవిలో వెదురంతా నరికి కొమ్ములు చెక్కారు. పల్లకీ దింపించి తోడేళ్లకు కట్టారు. తేనె మాన్పించి ఎలుగుబంట్లకు కట్టారు. "ఇవి పెట్టుకుంటే నేను పొదలో దూరలేనండీ" అని చిరుత మొరపెట్టుకుంటే, "సైనికుడన్నవాడు పొదల్లో దూరడమేమిటి, సిగ్గులేకుండా!" అని సేనాపతి కసిరాడు. కోరలు కనిపిస్తే కొమ్ముల అందం చెడుతుందని, కవాతులో అందరూ నోరు మూసుకోవాలని ఉత్తర్వు కూడా వేశాడు.

గవరయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. "కొమ్ములొద్దు బాబూ. ఉత్త పళ్లతో, గోళ్లతో పదిమందిని పంపండి, చాలు."

"నీవన్నీ పాతకాలపు ఆలోచనలు" అన్నాడు సేనాపతి.

శత్రువు గుండె జారిపోవాలని కవాతు రేవులోనే పెట్టారు. అవతలి ఒడ్డున రేచుకుక్కలు బారులు తీరి చూశాయి. కాసేపటికి వాటి పెద్ద అడిగింది, "ఒరేయ్, ఇన్నాళ్లూ మనం ఎందుకురా జంకాం?"

"అటుపక్క చిరుతలూ తోడేళ్లూ ఉన్నాయని కదా పెద్దయ్యా."

"ఒక్కటైనా ఉందేమో చూడు. కొమ్మున్నదల్లా గడ్డి తినే జాతిరా. ఆ అడవి అడవంతా మన భోజనమే!"

కుక్కలన్నీ ఒక్కసారిగా వాగులోకి దూకాయి. చిరుత ఎదురు దూకబోతే కొమ్ములు కళ్లమీదికి జారాయి. తోడేళ్ల కొమ్ములు ఒకదాన్లో ఒకటి చిక్కుకున్నాయి. నోరు మూసుకోమన్న ఉత్తర్వు తనకూ వర్తిస్తుందేమోనని సింహంగారు గర్జించకుండానే లగెత్తారు. సేనాపతి పద్ధతి మాత్రం వేరు. శత్రువు వైపే మొహం పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ రాజధాని దాకా వెళ్లాడు.

రేవులోంచి గట్టెక్కాలంటే రెండు బండల మధ్య ఒకే ఒక్క సందు ఉంది. ఆ సందులో గవరయ్య నిలబడ్డాడు. బొరియలోంచి మనవల ఏడుపు వినిపిస్తోంది. ముళ్లపందికి తెలిసిన యుద్ధం ఒక్కటే, వీపు తిప్పి, ముళ్లన్నీ విప్పి, వెనక్కి దూకడం. గవరయ్య దూకాడు. మొదటి కుక్కకు మూతినిండా ముళ్లు దిగాయి. రెండోదానికి మెడలో, మూడోదానికి కాళ్లలో. పొద్దు వాలేసరికి కుక్కలు కుయ్యోమంటూ అవతలి ఒడ్డెక్కాయి.

సగం ముళ్లు ఊడిపోయిన ఆ వీపు మీద రక్తం తుడుస్తూ సూరమ్మ ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా.

మర్నాడు సభ జరిగింది. కొండముచ్చు లేచి తన ముత్యాల అక్షరాలు చదివాడు. "సేనాపతిగారు శత్రువుకు ఒక్క అడుగైనా వెన్ను చూపలేదు. అందరూ చూశారు."

సభ చప్పట్లతో మారుమోగింది.

"ముళ్లపంది గవరయ్య పూటంతా శత్రువుకు వెన్ను చూపాడు. ఇదీ అందరూ చూశారు."

"అయ్యా, మా జాతి యుద్ధం చేసేదే వీపుతో కదా!" అన్నాడు గవరయ్య.

"ఒప్పుకున్నాడు, రాసుకో" అన్నారు సింహంగారు.

చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది. దున్నకు వీరశిఖామణి బిరుదిచ్చారు. గవరయ్య ఉద్యోగం పీకేశారు. బొరియ కాపలావాడికిచ్చింది గనక సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. మనవలను చెరొకరినీ ఎత్తుకుని మొగుడూ పెళ్లాలు బయల్దేరారు.

"ఇకమీదట రేవులో ఎవరుంటారయ్యా?" అని అడిగింది సూరమ్మ.

"సేనాపతిగారి విగ్రహం పెడతారట. వాగు వైపు మొహం పెట్టి."

నీతి: దేశాన్ని కాపాడేవాడు ముందు మొహం ఎటుందో చూసుకోవాలి, కాపాడాడా లేదా అన్నది తర్వాతి సంగతి.